పొయ్యి వేసిన చేతులు

అమ్మలూ,

మీ ఊరి సామాజిక భవనంలో డ్వాక్రా సంఘం వాళ్లకి సారె లేకుండా, ఉత్త చేతుల్తో మట్టిపాత్రలు చెయ్యడం నేర్పుతానని రాశావు. చాలా సంతోషమమ్మా. వచ్చేవాళ్లంతా నలభై, యాభై దాటినవాళ్లనీ, మాకేమీ రాదంటున్నారనీ దిగులుపడ్డావు. ఆ మాట నమ్మకు. గ్యాసు రాకముందు మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మట్టిపొయ్యి వేసుకోని ఇల్లాలు ఎక్కడుంది? చెరువుమట్టిలో ఊక కలిపి తొక్కి, ముద్ద మీద ముద్ద పెట్టి, నెర్రెలిచ్చిన చోట మెత్తి, పేడతో అలికేవారు. నువ్వు నేర్పబోయేదీ ఆ పనే. మొదటిరోజు గిన్నె చేసి చూపించకు. "పొయ్యి ఎలా వేసేవారు పిన్నీ?" అని అడుగు. ఊక ఎందుకు కలిపేవారో వాళ్ల నోటే వస్తుంది. పాఠం అక్కణ్నుంచి నడుపు.

సారె లేకపోతే అది కుండపనే కాదనేవాళ్లు ఉంటారు. సారె మీంచి దింపినప్పుడు మన కుండకి అడుగే ఉండదు. లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తడుతూ తడుతూ అడుగు మూస్తారు. కుండని కుండ చేసేది ఆ దెబ్బే. మీ చుట్టుపక్కల కుమ్మరాయన చేత ఒకసారి అది చేయించి చూపించు.

ముందు ప్రమిద, తర్వాత చిన్న అటిక. అటికకి మట్టిని చిటికెనవేలంత తాడులా పేని చుట్టలు వేయించు. ప్రతి చుట్టా కింది చుట్టలో కలిసిపోయేలా లోపలివైపు బొటనవేలితో కిందికి రాయాలి. బయట నున్నగా ఉండి లోపల అతుకు మిగిలితే ఆరేటప్పుడు అక్కడే విచ్చుతుంది. పిడి పెట్టాలంటే కుండా పిడీ ఒకే పదునులో ఉండాలి. రెండుచోట్లా గీతలు గీసి పల్చటి మట్టి పూసి అతకాలి. ఒకటి ఆరి ఒకటి తడిగా ఉంటే ఎంత నొక్కినా ఊడిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది చెబుతున్నాను. ఎవరి చేతిలోంచీ కుండ తీసుకుని నువ్వు సరిచెయ్యకు. వంకరుంటే ఉండనీ. నలుగురిలో తప్పు పడితే పెద్దవాళ్లు కోప్పడరు, మర్నాటి నుంచి రారు, అంతే. నీ ముద్ద నువ్వు పట్టుకుని పక్కన కూర్చుని చెయ్యి. చూసి వాళ్లే దిద్దుకుంటారు. మాట కూడా వాళ్లదే వాడు. 1863లో మన శ్రీకాకుళం జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాళ్లకి చదువు చెప్పించారు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. అక్కడి తవ్వకాల్లో అక్షరాలు గీసిన కుండపెంకులు దొరికాయి. ఒక ఆదివారం అందర్నీ ఆ కొండకి తీసుకెళ్లు.

దీపావళి ప్రమిదల బేరం చూసుకుని అక్టోబరులో మొదలుపెడదామన్నావు. వద్దు. 2018లో తిత్లీ తుపాను మన తీరాన్ని తాకింది అక్టోబరు 11నే. ఆ రోజుల్లో గాలి నిండా చెమ్మే, కుండ ఆరదు. కోతలూ నూర్పులూ అయి, సంక్రాంతి దాటాక మొదలుపెట్టు. అప్పుడు ఎండా ఉంటుంది, వాళ్లకి తీరికా ఉంటుంది. నీడన ఆరబెట్టి, చివర్లోనే ఎండకి పెట్టు.

కాల్పు మాత్రం నీ ప్రయోగాలకి వదలకు. పైకి ఆరినట్టు కనిపించే కుండలో కూడా తడి ఉంటుంది. మంట ఒక్కసారిగా తగిలితే అది ఆవిరై కుండని పగలగొడుతుంది. అందుకే ముందు చాలాసేపు పొగసెగ పెట్టి, తర్వాతే మంట పెంచుతారు. ఆ పదును కుమ్మరాయన కంటికే తెలుసు. నీళ్లు తాగే పాత్రలకీ, వంటచట్లకీ ఎనామిల్ రంగులు వేస్తామంటే ఒప్పుకోకు.

కుండలు కాల్చే ఆవం పెట్టే రోజుకి ఆయన కూలి ముందే మాట్లాడి, చేతిలో పెట్టు. ఆ రోజు పాఠం ఆయన్నే చెప్పనీ, నువ్వు అందరితో పాటు కింద కూర్చో. చెరువుమట్టి ట్రాక్టరుకి డబ్బు చాలకపోతే మొహమాటపడకుండా రాయి, పంపిస్తాను.

మీ పెద్దమ్మ