చెప్పు జారినా తెలియని కాలు

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జమ్మకు, ఖరగ్‌పూర్ మథురాకాటి నుంచి తాతయ్య ఆశీర్వదించి రాసేది.

మొన్న వీడియో కాల్‌లో నీ వెనక బల్ల మీద మూడు మందుల స్ట్రిప్పులు కనబడ్డాయని మీ నాయనమ్మ ఒకటే పోరు. ఒకటి జుట్టుకట, ఒకటి నీరసానికట, మూడోది ‘ఊరికే, బీ కాంప్లెక్సే కదా’ అన్నావట. డాక్టరు రాసినవేనా అంటే నవ్వేశావట. ఆ నవ్వుకే ఈ ఉత్తరం.

ఊరికే వేసుకునే బిళ్లల సంగతి తాతయ్యకు అనుభవమే. ఆరేళ్ల కిందట చుట్టాలను రైలెక్కించి, ఖరగ్‌పూర్ పెద్ద ప్లాట్‌ఫారం మీద ఇంటిదారి పట్టాడు. 1072 మీటర్ల పొడుగు, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్దదని ఊరంతా చెప్పుకున్న ప్లాట్‌ఫారం అది. సగం దూరం నడిచాక వెనక నుంచి ఒక కూలీ ‘దాదూ, చొటి!’ అని కేకేశాడు. ఎడమ కాలి చెప్పు ఎక్కడో జారిపోయింది. అతను చేత్తో పైకెత్తి చూపిస్తే గానీ కాలికి ఆ కబురే లేదు.

దానికి ఏడాది ముందు, రక్తం తక్కువైందని ఎవరో అంటే, ఐరన్‌తో ఫోలిక్ యాసిడ్ కలిసిన బిళ్లలు తానే కొనుక్కున్నాడు. ఆయాసం తగ్గింది, ముఖం తేరుకుంది. అరికాళ్ల తిమ్మిరి మాత్రం పెరుగుతూ పోయింది. షుగరు మహిమే అనుకున్నాడు. రైల్వే డాక్టరు రక్తం పరీక్ష చేయిస్తే అసలు తరుగు బీ12 అని తేలింది. షుగరుకు పన్నెండేళ్లుగా మింగుతున్న మెట్‌ఫార్మిన్, పరగడుపున వేసుకునే గ్యాస్ బిళ్ల, అయ్యప్ప మాల వేసిన నాటి నుంచి మానేసిన చేపా గుడ్డూ, మూడూ కలిసి చేసిన పని అది. రక్తం తయారవడానికి ఫోలిక్ యాసిడ్, బీ12 రెండూ కావాలి. మొదటిది దండిగా పడితే రక్తం వరకు ఎలాగో నెట్టుకొస్తుంది. నరాలను అది కాపాడలేదు. అలా పైకి కుదురుకున్నట్టు కనిపిస్తుంటే లోపల నరాలు దెబ్బతింటూనే ఉన్నాయి. ఇంజెక్షన్లు పడ్డాక నడక కుదురుకుంది గానీ, ఎడమ బొటనవేలు ఇప్పటికీ మొద్దే.

అలాగని ఫోలిక్ యాసిడ్‌ను తిట్టిపోయకు. అది మనవాడి చేతి పని. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, స్ప్రూ అనే జబ్బుకు ఇద్దరు అన్నదమ్ములను పోగొట్టుకుని అమెరికా వెళ్లాడు. అక్కడి లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. స్ప్రూకే అది మందయింది. దానికి ఎదురు పనిచేసే మందులు కూడా ఆ బృందం నుంచే వచ్చాయి. వాటిలో ఒకదాన్ని లుకేమియా పిల్లలకు ఇచ్చి, కొందరికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించాడు. ఒకే విటమిన్ ఒకరికి ప్రాణం, మరొకరికి దాన్ని అడ్డుకోవడమే వైద్యం.

పిల్లల గురించి ఆలోచిస్తున్నామని నాయనమ్మ చెవిన వేశావట. అయితే నీ బల్ల మీద ఉండాల్సిన బిళ్ల ఫోలిక్ యాసిడే, డాక్టరును అడిగి. గర్భం రావడానికి కనీసం నెల ముందు నుంచి మూడో నెల నిండేదాకా రోజుకు 400 మైక్రోగ్రాములు. బిడ్డ వెన్నుపాము గొట్టం మొదటి 28 రోజుల్లోనే మూసుకుంటుంది, చాలామంది తల్లులకు అప్పటికి విషయమే తెలియదు. అంతకుముందు ఆ గొట్టం సరిగా మూసుకోని లోపంతో బిడ్డ కలిగిన తల్లులకు ఫోలిక్ యాసిడ్ ఇస్తే, మళ్లీ ఆ లోపం రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటిష్ పరిశోధకులు చూపించారు.

తిండిలో తరుగు మన వంశానికి కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనికి ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి వచ్చారు. ఆ ఉత్తర సర్కారు జిల్లాల్లో అప్పట్లో బెరిబెరి ఉండేది. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యంలో బీ1 తవుడుతో పోతే, మిగిలిన కాస్తా గంజి వార్చడంలో పోయేది. పక్కింటి బెంగాలీలు తినేది సెద్ధొ చాల్, మన ఉప్పుడు బియ్యం. ధాన్యాన్ని పొట్టుతోనే నానబెట్టి ఉడికిస్తే బీ1 గింజలోకి ఇంకి, మరపట్టినా చాలావరకు నిలుస్తుంది. ఆ లావన్నాన్ని మీ ముత్తవ్వ వెక్కిరించేదట. ఆరోగ్యం మాత్రం ఆ కంచంలోనే ఉండేది.

ఇక నీ మిగతా స్ట్రిప్పులు. బీ విటమిన్లు నీళ్లలో కరిగేవే, ఎక్కువైతే మూత్రంలో పోతాయనేది సగం నిజం. బిళ్ల వేసుకున్న రోజు పచ్చగా పోయేది బీ2. బీ6 విషయంలో అలా అనుకోలేం. రోజుకు రెండు నుంచి ఆరు గ్రాములు నెలల తరబడి మింగిన ఏడుగురికి చేతులు మొద్దుబారి నడక తూలిపోయిందని 1983లో అమెరికా వైద్యులు రాశారు. తిమ్మిరికని వేసుకునే బిళ్లే తిమ్మిరి తెచ్చిందన్నమాట. రోజుకు 12 మిల్లీగ్రాములు దాటొద్దని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో గీత గీసింది. స్ట్రిప్పు మీద దాని పేరు పైరిడాక్సిన్. మూడింటిలోనూ ఎంతెంత ఉందో కూడి చూడు.

జుట్టు బిళ్లలో ఉండేది బయోటిన్. ఒంటికి కావలసింది రోజుకు ముప్పై నలభై మైక్రోగ్రాములు, అమ్మే బిళ్లల్లో పదివేలవీ ఉంటాయి. అది రక్తంలో ఉంటే థైరాయిడ్ పరీక్ష, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష తప్పు లెక్క చూపొచ్చు. అలా ట్రోపోనిన్ తక్కువగా కనబడిన ఒక రోగి చనిపోయాడని 2017లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. రక్తం ఇచ్చేముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పు, ఎన్నాళ్లు ఆపాలో వాళ్లే చెబుతారు.

ఈ వారంలో రెండు పనులు చెయ్యి. మూడు స్ట్రిప్పుల వెనకవైపు ఫొటోలు తీసి డాక్టరుకు చూపించు. రక్తం పరీక్షతో పాటు బీ12 కూడా చూపించుకో. నీరసానికి కారణం తేలాక ఏ బిళ్ల ఎన్నాళ్లో వాళ్లే రాస్తారు.

దసరాకు మీ ఇద్దరూ రండి. స్టేషన్‌కు తాతయ్యే వస్తాడు. ఇప్పుడు వెనక పట్టీ ఉన్న చెప్పులే వేసుకుంటున్నాడు.