ల్యాప్‌టాప్‌కు చద్దిమూట

పూర్వం కాలినడకన పయనమయ్యే బాటసారి వెంట చద్దిమూట ఉండేది. దారిలో సత్రం కనబడితే వేడి అన్నం తినేవాడు. సత్రం లేనిచోట మూట విప్పేవాడు. ల్యాప్‌టాప్ కంప్యూటరు తీరూ ఇట్టిదే. గోడకున్న ప్లగ్గు దానికి సత్రం, లోపలి బ్యాటరీ చద్దిమూట. ఈ రెండింటి సంబంధాన్ని ఎరుగకపోవడం చేతనే అనేకుల బ్యాటరీలు అకాలంలో నీరసించిపోతున్నాయి.

ఆదిలో ఈ మూట లేనే లేదు. 1981లో అమెరికాలో వెలువడిన ఆస్‌బర్న్-1 సుమారు 11 కిలోల బరువు తూగేది. పేరుకు వెంట తీసుకొనిపోదగినదే గాని, తనలో బ్యాటరీ లేనందున గోడప్లగ్గు ఉంటేనే పనిచేసేది. ఆ తరువాత విపణికి వచ్చిన జపాను వారి ఎప్సన్ హెచ్‌ఎక్స్-20లో నికెల్-కాడ్మియం బ్యాటరీ ఉండేది. నాలుగే వరుసల చిన్న తెర కనుక ఆ కొద్దిపాటి శక్తి దానికి చాలింది. 1991లో సోనీ సంస్థ లిథియం-అయాన్ బ్యాటరీని అమ్మకానికి తెచ్చిన పిమ్మట, తక్కువ బరువులో ఎక్కువ శక్తిని దాచుకొనే మార్గం ఏర్పడింది. దీనికి మూలమైన పరిశోధనలకు గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే మువ్వురు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు. అప్పటికి గుడ్‌ఇనఫ్ వయస్సు 97 సంవత్సరాలు!

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. ల్యాప్‌టాప్‌కు కావలసినది ఏకముఖ విద్యుత్తు, అదీ సాధారణంగా 20 వోల్టులకు అటూ ఇటూగా. ఈ మార్పు చేసేది అడాప్టరు. ఆ క్రమంలో కొంత శక్తి వేడిగా మారుతుంది. కనుక అడాప్టరు గోరువెచ్చగా ఉండటం దోషం కాదు. అడాప్టరు నుండి వచ్చిన విద్యుత్తు ముందుగా కంప్యూటరును నడిపి, మిగిలినది బ్యాటరీని నింపుతుంది. కరెంటు పోయిన క్షణంలోనే బ్యాటరీ ఆ భారాన్ని అందుకొంటుంది.

బ్యాటరీని విడదీయగల రోజుల్లో, అది అరిగిపోతుందన్న భయంతో తీసి బీరువాలో దాచి, అడాప్టరుతోనే పనిచేసిన వారున్నారు. ఇది చద్దిమూటను ఇంట్లో వదలి ప్రయాణం చేయడమే. కరెంటు పోగానే, భద్రపరచని వ్రాత అంతా మాయమయ్యేది.

బ్యాటరీని పూర్తిగా ఖాళీచేసిన తరువాతనే నింపాలన్నది మరొక నమ్మకం. ఇది నికెల్-కాడ్మియం కాలపు అలవాటు. లిథియం బ్యాటరీకి ఇది మేలు చేయదు సరికదా, తరచుగా చేస్తే కీడే. ఎల్లప్పుడూ ప్లగ్గుకు తగిలించి ఉంచితే మితిమీరి నిండుతుందనే భయమూ నిరాధారం. నిండగానే లోపలి వలయం దానిని ఆపివేస్తుంది. అయితే నిండుగా ఉండి, పైగా వేడెక్కిన బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. అందుకే నేటి పలు ల్యాప్‌టాప్‌లలో 80 శాతం వద్దనే ఆపుకొనే సదుపాయం ఉన్నది. పరుపుమీద పెట్టి గాలిరంధ్రాలు మూసివేయడం దానికి చేసే అపకారాలలో పెద్దది.

కొనేవారు వేగాన్ని విచారిస్తారే గాని, బ్యాటరీ మీది వాట్-అవర్ల అంకెను చూడరు. 50 వాట్-అవర్ల బ్యాటరీ, 10 వాట్లు వాడే పనికి సుమారు 5 గంటలు వస్తుంది. 25 వాట్లు వాడే ఆటకు 2 గంటలే. ఏళ్లు గడిచేకొద్దీ ఈ లెక్క తగ్గుతూ వస్తుంది. ఉబ్బిన బ్యాటరీని మాత్రం వెంటనే వాడటం మాని, గుచ్చకుండా, నొక్కకుండా మరమ్మతు కేంద్రానికి అప్పగించాలి.