స్లాట్లు చూసి మురిసిపోకు



నువ్వు పంపిన కొటేషన్ ఫోటో చూశాను. రైజెన్ 5 5600, బీ550 బోర్డు, ఆర్‌టీఎక్స్ 4060, రెండు ఎన్‌వీఎమ్ఈ ఎస్‌ఎస్‌డీలు, తమ్ముడి పీఎస్5 ఆటలు రికార్డు చెయ్యడానికి 4కే క్యాప్చర్ కార్డు. సామాన్లకి వంక పెట్టను. కానీ చివర్లో రాశావే, "ఇంకా స్లాట్లు ఖాళీగా ఉన్నాయి మావయ్యా, తర్వాత 10జీ నెట్‌వర్క్ కార్డు కూడా పెట్టుకోవచ్చు" అని, అది చదివాక ఫోన్లో చెబితే సరిపోదనిపించింది. స్లాటు ఖాళీగా ఉండటం వేరు, దాని వెనక దారి ఖాళీగా ఉండటం వేరు.

5600 ప్రాసెసర్‌కి ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు 24. వాటిలో 16 పై పొడవాటి స్లాటుకి, 4 ఎస్‌ఎస్‌డీ కూర్చునే మొదటి ఎం.2 స్లాటుకి, మిగిలిన 4 చిప్‌సెట్‌కి పోతాయి. రెండో ఎం.2, కింది స్లాట్లు, సాటా, లాన్, కొన్ని యూఎస్‌బీలు అన్నీ ఆ చివరి నాలుగింటి మీదే సర్దుకోవాలి. నువ్వు రోజూ ఎక్కే ఢిల్లీ మెట్రో బ్లూ లైనే చూడు. నోయిడా బండ్లూ వైశాలి బండ్లూ యమునా బ్యాంక్ దగ్గర కలిసి, అక్కణ్ణుంచి రాజీవ్ చౌక్ దాకా ఒకే పట్టాల మీద పోతాయి. వెనక ఎన్ని స్టేషన్లు కట్టినా ఆ పట్టాల మీద నడిచే బండ్లు పెరగవు. బీ550లో ఆ దారి పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరం (జెన్ 3) వేగంలో నాలుగు లేన్లు, అంటే ఒక్కో దిక్కున సెకనుకి సుమారు 3.9 జీబీ.

అది తక్కువేం కాదు, కంగారుపడకు. 4కే బొమ్మ సెకనుకి 60 ఫ్రేముల చొప్పున కుదించకుండా మామూలు 8 బిట్ల 4:2:0 రంగులో వస్తే సెకనుకి దాదాపు 750 ఎంబీ. చిప్‌సెట్ దారిలో ఇది హాయిగా పోతుంది. చిక్కు ఎక్కడంటే, రెండో ఎస్‌ఎస్‌డీ ఒక్కటే చదివేటప్పుడు సెకనుకి మూడున్నర జీబీ లాగగలదు. క్యాప్చర్ నడుస్తుండగా అందులోంచి పెద్ద ఫైళ్లు బయటికి కాపీ చేశావంటే రెండూ ప్రాసెసర్ వైపే పరిగెత్తుతాయి, అప్పుడు ఫ్రేములు జారే ప్రమాదం ఉంది. అదే ఎస్‌ఎస్‌డీలోకి రాస్తే అది ఎదురు దిక్కు, తగువు లేదు. కాబట్టి విండోసూ ఆటలూ మొదటి ఎం.2లో పెట్టు, రికార్డింగులు రెండోదాంట్లోకి పోనీ. నీ పీసీలో ఆడే ఆటల్ని స్ట్రీమ్ చెయ్యడానికి క్యాప్చర్ కార్డు అక్కర్లేదు, 4060లోనే ఎన్‌కోడర్ ఉంది. క్యాప్చర్ కార్డు పీఎస్5 కోసమే.

ఇక పొడవు చూసి మోసపోవడం. కింది స్లాటు కూడా పైదాని అంత పొడవే ఉంటుంది. టార్చి వేసి లోపలికి చూడు: లోహపు పళ్లు చాలా బోర్డుల్లో పావు వంతు దాకానే ఉంటాయి, మిగతాదంతా ఉత్త ప్లాస్టిక్. ఢిల్లీ జూన్ వేడికి గాలి ఆడుతుందని గ్రాఫిక్స్ కార్డుని కింది స్లాటులోకి మార్చమని ఎవరైనా అంటే వినకు. వేడికి ఫ్యాన్లు పెంచుకో. 4060 వాడేదే ఎనిమిది లేన్లు, పైన జెన్ 4లో దానికి సెకనుకి 15.7 జీబీ దాకా దొరుకుతుంది. కిందికి దింపితే నాలుగో వంతు, అదీ చిప్‌సెట్ గుంపులో పడి.

క్యాప్చర్ కార్డుకీ ఇదే చూసుకో. 4కే కార్డుల్లో జెన్ 2 నాలుగు లేన్లవి ఉన్నాయి. అలాంటిదాన్ని ఒకే లేన్ ఉన్న స్లాటులో పెడితే దొరికేది 500 ఎంబీ. స్లాటు జెన్ 3దైనా సరే, కార్డు తన వేగంలోనే నడుస్తుంది. అప్పుడు 4కేలో 60 ఫ్రేముల ఆశ వదులుకోవాలి.

కొనడానికి వెళ్లినప్పుడు నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ షాపుల్లో ఒక మాట తప్పకుండా వింటావు: "5600 నహీఁ హై మేడమ్, 5600జీ లే లో, గ్రాఫిక్స్ ఫ్రీ." తీసుకోకు. 5600జీ, 5500 రెండూ జెన్ 3 దగ్గరే ఆగిపోతాయి. పదహారు లేన్ల కార్డయితే పెద్ద తేడా ఉండేది కాదు. నీది ఎనిమిదిది కనక దారి సగమవుతుంది, మొదటి ఎస్‌ఎస్‌డీ కూడా జెన్ 3కి దిగుతుంది. బిల్లు లేకుండా 18 శాతం జీఎస్టీ మిగుల్చుకుందామనే బేరం కూడా వద్దు, రేపు వారంటీకి ఆ కాగితమే అడుగుతారు.

బిగించాక జీపీయూ-జెడ్ తెరిచి బస్ ఇంటర్‌ఫేస్ గడి చూడు. ఊరికే ఉన్నప్పుడు 1.1 అని చూపిస్తే హడలిపోకు, కరెంటు ఆదా కోసం అది నెమ్మదిస్తుంది. పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి పరీక్ష నడుపు, అప్పుడు ఎనిమిది లేన్లు, 4.0 అని రావాలి. రాకపోతే కార్డు తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టు. కార్డుని నిలబెట్టడానికి జెన్ 3 రైజర్ కేబుల్ వాడితే మాత్రం బయాస్‌లో ఆ స్లాటుని జెన్ 3కి దించాలి, లేకపోతే తెర నల్లబడొచ్చు.

10జీ కార్డు సంగతి. మీ ఇంటికొచ్చే లైను 300 ఎంబీపీఎస్, బోర్డు మీద 2.5జీ లాన్ ఎలాగూ ఉంది. ఆ డబ్బు మంచి పవర్ సప్లై మీద పెట్టు.

ఒక్క పని మిగిలింది. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 నింపితే రెండు సాటా పోర్టులు పనిచెయ్యవు, కొన్నిట్లో కింది స్లాటే ఆగిపోతుంది. ఆ పట్టిక మాన్యువల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, షాపువాడు చెప్పడు. డబ్బు కట్టేముందే ఆ పేజీ నాకు పంపు. శుక్రవారం పంపితే రాత్రికే చూస్తాను, శనివారం బొటానికల్ గార్డెన్‌లో మెజెంటా లైన్ ఎక్కి నెహ్రూ ప్లేస్ వెళ్లి కొనుక్కోవచ్చు. ఆదివారం అక్కడ చాలా షాపులు మూసి ఉంటాయి.

మీ మావయ్య