టెంప్లేట్ ఎవరిదైనా పనితనం మీదే కావాలి

ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ వచ్చాక ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ యాప్ చేయడం విద్యార్థులకూ అందుబాటులోకి వచ్చింది. వాటితోపాటే రెడీమేడ్ టెంప్లేట్లూ పుట్టుకొచ్చాయి. లాగిన్, కార్ట్, పేమెంట్ స్క్రీన్లన్నీ సిద్ధంగా ఉంటాయి కాబట్టి పేరూ లోగో మార్చి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా చూపించాలన్న ఆశ సహజం. టెంప్లేట్ వాడటం తప్పేమీ కాదు. అయితే ఇంటర్వ్యూలో స్క్రీన్ల అందానికి మార్కులు పడవు. ‘కార్ట్‌లో వస్తువు వేయగానే పైన అంకె ఎలా మారింది? నెట్ పోతే ఏమవుతుంది?’ అని అడిగితే కోడ్ తెరిచి చూపించగలగాలి. అందుకే డెమో చూసి మురిసిపోయే ముందు, లోపలి కోడ్ చదివి అర్థం చేసుకోగలమా అని చూసుకోవాలి.

ఫ్లట్టర్ టెంప్లేట్ అయితే మొదట తెరవాల్సింది పబ్‌స్పెక్ ఫైలు. అందులో ఎస్‌డీకే అన్న లైను దగ్గర ఫ్లట్టర్ వాడే డార్ట్ భాష కనీస వెర్షన్ 2.12 కంటే తక్కువ ఉంటే ఆ కోడ్‌లో నల్ సేఫ్టీ, అంటే ఖాళీ విలువల వల్ల వచ్చే తప్పులను ముందే పట్టే ఏర్పాటు, లేనట్టే. 2023 మేలో వచ్చిన డార్ట్ 3 అలాంటి కోడ్‌ను ఒప్పుకోదు. కొత్తది నేర్చుకోవాల్సిన సమయమంతా పాతదాన్ని బాగుచేయడానికే పోతుంది. గూగుల్ ప్లే నిబంధనలూ ఎప్పటికప్పుడు మారుతుంటాయి. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లు కనీసం ఆండ్రాయిడ్ 15ను, అంటే ఏపీఐ 35ను టార్గెట్ చేయాలన్న నిబంధన వచ్చింది. ప్యాకేజ్ పేరు ‘కామ్ డాట్ ఎగ్జాంపుల్’తో మొదలైతే ప్లే స్టోర్ తీసుకోదు. ఒకసారి పబ్లిష్ చేశాక ఆ పేరు మార్చలేం కూడా. కాబట్టి దాన్ని ముందే సరిచేసుకోవాలి.

ఫ్రీలాన్సింగ్ చేయాలనుకునేవాళ్లు లైసెన్సు తప్పక చదవాలి. ఎంఐటీ లైసెన్సు ఉంటే కాపీరైట్ నోటీసు ఉంచి వ్యాపారానికీ వాడుకోవచ్చు. టెంప్లేట్లు అమ్మే కోడ్‌కాన్యన్ సైట్‌లో రెగ్యులర్ లైసెన్సు ఒక్క ప్రాజెక్టుకే చెల్లుతుంది, యాప్ వాడేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోవాలంటే ఎక్స్‌టెండెడ్ లైసెన్సు కొనాలి. ఆపిల్ సమీక్షా నిబంధన 4.2.6 ప్రకారం, అమ్మకానికి పెట్టిన టెంప్లేట్‌తో చేసిన యాప్‌ను ఆ కంటెంట్ సొంతదారే నేరుగా సమర్పించాలి, లేకుంటే తిరస్కరిస్తారు. ఒకే టెంప్లేట్‌ను పదిమంది క్లయింట్లకు మీ అకౌంట్ నుంచే పెట్టేద్దామంటే కుదరదు.

‘కంపెనీల్లో మాత్రం మొదటి లైను నుంచి ఎవరు రాస్తున్నారు?’ అనొచ్చు. నిజమే, అక్కడా సిద్ధంగా ఉన్న కోడ్‌ను వాడతారు. కానీ అది పాడైతే బాగుచేయగలవాళ్లు ఉన్నారు కాబట్టే వాడతారు. జీతం ఆ సామర్థ్యానికే. టెంప్లేట్ ముట్టుకుంటే చదువు పాడవుతుందన్న వాదనలోనూ సగమే నిజముంది. అనుభవజ్ఞులు ఫోల్డర్లు ఎలా విడదీశారో, స్టేట్ మేనేజ్‌మెంట్ ఎక్కడ పెట్టారో చదివితే వచ్చే తెలివిడి ఖాళీ ఫైలు ముందు కూర్చుంటే రాదు. చదవకుండా రంగులు మార్చి వదిలేస్తేనే నష్టం.

కాబట్టి నాలుగైదు స్క్రీన్లున్న చిన్న టెంప్లేట్ తీసుకోండి. దాన్ని ఉన్నదున్నట్టు గిట్‌లో మొదటి కమిట్‌గా పెట్టండి. తర్వాత అందులోని ఒక ఫీచర్, ఉదాహరణకు సెర్చ్, పూర్తిగా తీసేసి మీరే రాయండి. దానికి టెస్టులు కూడా రాయండి. ఏది టెంప్లేటో, ఏది మీ పనో రీడ్‌మీలో స్పష్టంగా చెప్పండి. దాచిపెడితే మొదటి ప్రశ్నకే బయటపడుతుంది. చెప్పుకుంటే మాత్రం రెండో కమిట్ నుంచి ప్రతి లైనూ మీ తరఫున సాక్ష్యం చెబుతుంది.