పొలం పాడైతే దావా ఎక్కడ?

ప్రశ్న: ఫ్యాక్టరీ నీళ్లు పారి పొలం చౌడు బారింది. సంగారెడ్డి సివిల్ కోర్టులో పరిహారానికి దావా వేయొచ్చా?
– ఓ రైతు, లక్డారం

జవాబు: కుదరదు. 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 29వ సెక్షన్ ఇలాంటి పరిహార దావాలను సివిల్ కోర్టుల పరిధి నుంచి తప్పించింది. ఇప్పుడు ఈ తగాదాల దారి ట్రిబ్యునల్ చెన్నై బెంచికే.

పటాన్‌చెరు కాలుష్యం కేసే చూడండి. 1990లో సుప్రీంకోర్టులో పడింది, 2001లో హైకోర్టుకు మారింది, చివరికి ట్రిబ్యునల్ చేరి 2017లో తేలింది. ఆ కాలుష్యం బారిన పడ్డ నక్కవాగు రైతుల్లో ఒక తరం ముసలిదైపోయింది!

గడువు మాత్రం మరవొద్దు: నష్టానికి కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఐదేళ్లు. ఫీజు అడిగిన పరిహారంలో 1 శాతం, కనీసం 1,000 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉంటే అదీ లేదు. ముందు కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు, పొలం ఫొటోలు, పహాణీ దగ్గర పెట్టుకోవాలి.