చౌకగా చెత్త తీసుకెళ్తానంటే ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది హన్మకొండలో అపార్ట్‌మెంట్. ఒక ట్రాక్టర్ యజమాని నెలకింతని మాట్లాడుకుంటే మొత్తం చెత్త ఎత్తుకెళ్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ముందు అతణ్ని ఒకటే అడగండి: చెత్త ఎక్కడ పోస్తావు? సూటిగా చెప్పకపోతే బేరం అక్కడితో ఆపేయండి. వడ్డేపల్లి చెరువు గట్టునో, ఊరి చివర ఖాళీ జాగాలోనో కుమ్మరించి పోయాడంటే, డబ్బిచ్చి పంపిన మీరూ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ అనుమతి ఉందా, ఏ కేంద్రానికి చేరుస్తాడు అన్నవి కాగితం మీద రాయించుకోండి, రసీదులు దాచండి. మాట మీద నమ్మకం ఇక్కడ పనికిరాదు.

రోజుకు 100 కిలోలు, ఆపైన చెత్త వచ్చే సముదాయమైతే బాధ్యత ఇంకా ఎక్కువ. తడి చెత్తను వీలైనంతవరకు ఆవరణలోనే ఎరువు చేసుకోవాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం చెత్తను నాలుగు రకాలుగా వేరుచేయాలి: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. డైపర్లు, ప్యాడ్లు మూడో రకం. బల్బులు, పాత మందులు నాలుగోది. అన్నీ ఒకే డబ్బాలో కలిపేసి ఎవరికి అప్పగించినా తప్పే.

పేపర్లు, సీసాలు మీ వీధిలోకి వచ్చే పాత సామాన్లతనికి నిశ్చింతగా అమ్ముకోండి. మరమ్మతుల మట్టి, ఇటుక ముక్కలకు మాత్రం వేరే నియమాలున్నాయి. వాటిని ఇంటి చెత్తలో కలపొద్దు. ఇంతకీ, కార్పొరేషన్ బండి మీ గేటు దాకా వస్తుంటే ఈ ట్రాక్టర్ దేనికి?