కైమా, కూరగాయల వేపుడు – పథ్యమా, అపథ్యమా?

మాంసమనగానే అది ఆయుర్వేదానికి దూరమైన పదార్థమని తలచేవారు మన పాఠకులలో ఎందరో ఉన్నారు. ఈ అభిప్రాయం సరియైనది కాదు. చరక సంహిత సూత్రస్థానం 27వ అధ్యాయంలో ఆహార ద్రవ్యాలు 12 వర్గాలుగా విభజింపబడి, వాటిలో మాంసవర్గం ప్రత్యేకంగా వివరింపబడినది. సుశ్రుత సంహిత సూత్రస్థానం 46వ అధ్యాయంలో ‘వేసవారం’ అనే వంటకం ఉన్నది. ఎముకలు తీసిన మాంసాన్ని బాగుగా ఉడికించి, రాతిపై మెత్తగా నూరి, పిప్పళ్ళు, శొంఠి, మిరియాలు, బెల్లం, నెయ్యి చేర్చి మరల వండటం దాని విధానం. అది గురువు, స్నిగ్ధం, బలకరం, వాతహరం అని చెప్పబడినది. నేడు మనం కైమా అంటున్నది దానికి దగ్గరి చుట్టమే.

హైదరాబాదు పాతబస్తీలో దీనినే ఖీమా అంటారు. ఖిచిడీ, ఖీమా, చింతపండు పులుసుతో చేసిన ఖట్టా – ఈ మూడింటినీ కలిపి ఉదయం పలహారంగా తినడం అక్కడి ఇళ్ళలో తరతరాల అలవాటు. జీర్ణశక్తి చురుకుగా ఉన్న పూట, పగటి పని ముందున్నప్పుడు మాంసం తినడం మెచ్చదగిన ఆచారమే. రాత్రి పది గంటలకు అదే ఖీమాను నూనె తేలేటట్లు వండుకొని, పెరుగన్నంతో ముగించి, వెంటనే పరుండటమే అనర్థాలకు మూలం. రాత్రివేళ పెరుగు కూడదని చరకుడు స్పష్టంగా నిషేధించాడు.

ఈ వంటకం ముఖ్యంగా ఎవరికి ఉపయోగమో చూద్దాం. పళ్ళు ఊడిన వృద్ధులు, జ్వరం పూర్తిగా తగ్గి ఆకలి మరల పుట్టినవారు, రక్తహీనతతో బాధపడే స్త్రీలు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 సంవత్సరాల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. మాంసంలోని ఇనుము ఆకుకూరలలోని ఇనుముకంటె సులభంగా వంటబట్టుతుంది. అంతేకాక, కలిపి తిన్నపుడు కూరలలోని ఇనుమును కూడా శరీరం గ్రహించేటట్లు చేస్తుంది. నిమ్మరసం ఈ పనికి మరింత తోడు. కావున కైమాను కూరగాయలతో కలిపి వండటం రుచికి మాత్రమే కాదు.

బజారులో మటన్ అని అడిగితే మన ప్రాంతంలో ఎక్కువగా లభించేది పొట్టేలు మాంసం. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే ప్రథమ స్థానంలో నిలిచింది. గొర్రె మాంసం గురువు. మేక మాంసం అతి గురువు, అతి స్నిగ్ధం కాక, మానవ ధాతువులకు అనుకూలమైనదని చరకుని అభిప్రాయం. మందాగ్ని గలవారు మేక తొడభాగం అడిగి, కొవ్వు తీయించి, కడిగిన పిదప తమ కన్నుల యెదుటనే కైమా కొట్టించుకొనవలెను. కొట్టిన తరువాత కడిగితే నీరు పట్టి, వేపుడు కాస్తా ఉడుకుగా మారుతుంది.

ఇక కూరగాయల ఎంపిక. ఇక్కడనే గృహిణులు పొరబడుతూ ఉంటారు. గ్రామ్య మృగాల మాంసాన్ని పాలు, తేనె, బెల్లం, నువ్వులు, మినుములు, ముల్లంగి, మొలకెత్తిన ధాన్యాలతో కలిపి తినరాదని చరక సంహిత 26వ అధ్యాయంలో విరుద్ధాహార ప్రకరణంలో ఉన్నది. సుశ్రుతుడు మేకను, గొర్రెను గ్రామ్య వర్గంలోనే చేర్చాడు. కనుక ఆరోగ్యమని మొలకలను, ఘుమఘుమ కోసం నువ్వుల పొడిని కైమాలో వేయకూడదు. చేయి అలవాటున తాళింపులో మినప్పప్పు వేయడం కూడా మానవలెను. మరి వేసవారంలో బెల్లం ఉన్నది కదా అని చదువరులు ప్రశ్నించవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. అది ఔషధ ప్రయోజనానికి చెప్పిన ప్రత్యేక యోగమని నా భావన. నిత్యం వండుకునే కూరలో బెల్లం లేకుండుటే మేలు. మెంతికూర వీటన్నిటికంటె శ్రేష్ఠం. దాని చేదు, కారపు గుణాలు మాంసపు జిడ్డును, బరువును తగ్గించి అగ్నిని రగిలిస్తాయి.

నలుగురికి: కైమా 250 గ్రాములు, మెంతికూర 2 చిన్న కట్టలు, సన్నగా తరిగిన బీన్స్ 100 గ్రాములు, క్యారెట్ 1, పచ్చి బఠాణీలు గుప్పెడు మాత్రమే (అవి వాతకరం), ఉల్లిపాయ 1. వెడల్పైన ఇనుప మూకుడులో 2 చెంచాల నెయ్యి లేక వేరుశనగ నూనె కాచి, జీలకర్ర, ఉల్లి, అల్లం వెల్లుల్లి ముద్ద వేయించవలెను. పచ్చివాసన పోయిన పిదప మంట పెద్దది చేసి కైమా పరచి, రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, అప్పుడు ఉండలు విడగొట్టవలెను. మాటిమాటికి కలిపితే మాంసం నీరు విడిచి ఆ నీటిలోనే ఉడుకుతుంది. పసుపు, ఉప్పు, చెంచా ధనియాల పొడి వేసి, మూతపెట్టి, సన్నని మంటపై సుమారు 12 నిమిషాలు మగ్గనివ్వవలెను. ముతక కైమాకు మరికొంత సేపు పడుతుంది. బీన్స్, క్యారెట్, బఠాణీలు వేసి 5 నిమిషాలు, మెంతికూర వేసి 3 నిమిషాలు మూత లేకుండా వేయించి, అర చెంచా మిరియాల పొడి చల్లి దింపవలెను. నిమ్మరసం దింపిన తరువాతనే.

కైమాలో ఎర్రదనం లేశమైనా మిగలకూడదు. ముక్క మాంసంలో క్రిములు పైపొరన ఉంటాయి. కొట్టినప్పుడు అవి లోనికంతా కలుస్తాయి. లోపలి వేడి 71 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరితేనే క్షేమం. పచ్చి కైమాను బయట 2 గంటలకు మించి ఉంచరాదు. ఫ్రిజ్‌లో అయినా మరునాటికల్లా వండివేయవలెను.

జ్వరం ఉన్నంతకాలం లంఘనమే ప్రధానం గనుక ఈ వంటకం పనికిరాదు. యూరిక్ ఆమ్లం హెచ్చి కీళ్ళవాపు గలవారు, మూత్రపిండాల వ్యాధి గలవారు వైద్యుని అడగనిదే తినరాదు. తక్కినవారు వారానికి ఒకటి రెండు మార్లు, మధ్యాహ్న భోజనంలో, జొన్నరొట్టెతో గాని పాతబియ్యపు అన్నంతో గాని సేవించవచ్చును.